నాలుగో పక్క

"గా ఉపేంద్ర జోలికి పోకు బిడ్డా. వాడు చూస్తే ఆరడుగులున్నడు. గొడవల ఎవడన్న కత్తి తీసి నీ ఛాతీల దింపితే నేనేం గావాలె?"

పొద్దున ఐదుంపావుకు బండి మీద పొయ్యి ముట్టిస్తూ నేను నా కొడుకుతో అన్న మాట ఇది. అభిలాష్ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"పొద్దున లేస్తే నా సావు ముచ్చటేనా అమ్మా నీకు? ఇడ్లీ గిన్నెల నీళ్లు చూడు ముందు."

మా టిఫిన్ బండి ఎల్‌బీ నగర్‌లో, మెట్రో మెట్లు దిగి కొంచెం ముందుకొస్తే విజయవాడ వైపు పోయే బస్సులు ఆగే చోట ఉంటుంది. నల్గొండ దగ్గర మా ఊరు విడిచి పదిహేడేళ్లయింది. మా ఆయన పోయాక ఈ బండి మీదే ఇద్దరు పిల్లల్ని సాకాను. నాకు భయం ఎక్కువ. పిల్లవాడు ఫోన్ ఎత్తకపోతే లారీ కింద పడ్డాడనే అనుకుంటాను. పిల్లకు రెండు రోజులు దగ్గు వస్తే టీబీ అనే అనుకుంటాను. అనుకున్నవి ఒక్కటీ జరగలేదు. అయినా భయం తగ్గలేదు.

దీనికి మొదలు అభిలాష్ మూడేళ్లప్పుడు. నిమోనియా వచ్చి పెద్ద దవాఖానలో పదకొండు రోజులున్నాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోయేది. ఒక్కో ఎముకా లెక్కపెట్టేట్టు కనపడేది. ఆ పదకొండు రోజులు నా అరచెయ్యి వాడి ఛాతీ మీద నుంచి తియ్యలేదు. ఇప్పుడు వాడికి ఇరవై నాలుగు. బైకు టాక్సీ నడుపుతాడు, పొద్దున నాకు బండి దగ్గర సాయం చేస్తాడు. వాడు నిద్రపోతుంటే ఇప్పటికీ ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తాను. మెలకువ వస్తే విసిరికొడతాడు.

ఉపేంద్ర ఎవరంటే, బండికి ఎదురుగా ఉన్న ట్రావెల్స్‌లో పనిచేసే పిల్లవాడు. వాళ్లది రాజమండ్రి వైపు, ఇల్లు నాగోల్‌లో. బస్సు ఎక్కే వాళ్లను కేకలేసి పిలవడం, సామాను పెట్టించడం వాడి పని. రెండేళ్లుగా నా దగ్గరే టిఫిను. పల్లీ చట్నీ అంటే ప్రాణం. బస్సు వాళ్లకు పార్సిళ్లు కూడా వాడే పట్టుకుపోయేవాడు. నేను చట్నీ కవరు కట్టానంటే చుక్క కారదు. మెడ దగ్గర రెండు మెలికలు తిప్పి, దారం నాలుగు చుట్లు బిగించి ముడి వేస్తాను. కారి ఎవరి బట్టలన్నా పాడైతే వచ్చి నా మీద పడతారని భయం. ఉపేంద్ర దానికి నవ్వేవాడు.

"మీ కవరు విప్పేసరికి బస్సు సూర్యాపేట దాటేస్తుందండీ ఆంటీ. ఇంకొంచెం వదులుగా కట్టకూడదా?"

మొన్న సాయంత్రం అభిలాష్ బైకు బస్సులు ఆగే చోట పెట్టాడు. తియ్యమంటే తియ్యలేదు. మాటా మాటా పెరిగి ఉపేంద్ర వాణ్ని చెంప మీద కొట్టాడు, పదిమంది ముందర. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు అభిలాష్ లేనప్పుడు చూసి నేను ట్రావెల్స్ ఆఫీసుకు పోయాను.

"బాబూ, మా వానిది వీకు ఛాతీ. చిన్నగున్నప్పుడు నిమోనియా అయింది. తగలరాని చోట తగిల్తే పోతడు. వాని మీద చెయ్యి ఎయ్యకు బాబూ, నీ కాళ్లు మొక్కుత" అన్నాను.

"అయ్యో, అవేం మాటలు ఆంటీ. ఇంకేం చెయ్యన్లెండి. వెళ్లండి" అన్నాడు. మంచిగానే అన్నాడు.

నేను చేసిన పెద్ద తప్పు అది. రెండో తప్పు చెప్పాలంటే మా సంధ్య చదువు సంగతి చెప్పాలి.

మా చిన్నది సంధ్యారాణి నర్సింగు పూర్తి చేసింది. సర్కారు నౌకరీ పరీక్ష కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకు పోతుంది. పొద్దున ఆరున్నరకు క్లాసు. కర్మన్‌ఘాట్‌లో మేముండేది రెండు గదుల కిరాయి ఇల్లు, సంధ్య గట్టిగా చదివితే అందరికీ వినపడాల్సిందే. నేను ఎల్లిపాయలు ఒలుస్తూ వినేదాన్ని. పోయిన నెల ఒక సాయంత్రం వాళ్లన్నను బనీను విప్పించి కూర్చోబెట్టి, స్కెచ్ పెన్నుతో వాడి ఛాతీ మీద ఎముకలు గీసింది.

"పన్నెండు జతలు. పైన ఏడు జతలు నిజమైనయి, నేరుగ రొమ్ము ఎముకకు అతుకుతయి. కిందివి అయిదు అబద్ధపువి. అండ్ల ఆఖరి రెండు ఉత్తగనే తేలుతుంటయి."

"నాయి అన్నీ అబద్ధాలే ఉంటయి, మంచిగ చూడు" అన్నాడు అభిలాష్.

"కదలకురా అన్నా. ప్రతి ఎముక కింది అంచుకు గాడి ఉంటది. నరం, రక్తనాళాలు గా గాడిలనే పోతయి. గందుకే డాక్టర్లు సూది గుచ్చితే ఎముక పై అంచు మీద గుచ్చుతరు. అమ్మా, ఇటు చూడు. నీ కొత్త చట్నీ కవరు ఉంటది కదా, రెండు పొరలు అతుక్కొని?"

"ఆఁ. వేలు తడి చేసి రుద్దితే గాని ఇడిపోదు."

"ఊపిరితిత్తి మీద గసుంటిదే ఒక పొర. పక్కటెముకల లోపల ఇంకో పొర. నడుమ జరంత తడి. ఒకదాని మీద ఒకటి జారుతయి గని ఇడిపోవు. ఛాతీ లేస్తే ఊపిరితిత్తి గూడ దాని వెంట లేస్తది. అదే నడుమకు గాలి జొచ్చిందనుకో, ఊపిరితిత్తి ముడుచుకపోతది."

"గాలి ఎట్ల జొస్తది?"

"కత్తితో పొడిస్తే..."

"ఛీ, ఇంట్ల గవ్వేం మాటలే!"

"అరే, పరీక్షల అడుగుతరమ్మా. పొక్క మీద ప్లాస్టిక్ కవరు పెట్టాలె. మూడు పక్కల ప్లాస్టర్ ఏసి నాలుగో పక్క..."

నా కొడుకు ఒట్టి ఛాతీ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో అది గుండ్రంగా పొక్క గీస్తోంది. నేను రెండు చెవులూ మూసుకున్నాను. "సాలు! ఇంక చెప్పకు!" అని అరిచాను. పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. నాలుగో పక్క ఏం చెయ్యాలో నేను వినలేదు.

ఇక ఆ పొద్దున. ఆరు కాకముందే ఉపేంద్ర వచ్చాడు. వాడి వెనక ట్రావెల్స్ పిల్లలిద్దరు.

"గుడ్ మార్నింగ్ ఆంటీ. రెండిడ్లీ, ఒక వడ. చట్నీ తెలుసుగా." అభిలాష్‌ను చూసి నవ్వాడు. "ఏరా, ఇంకా కోపం పోలేదా? సారీ రా బాబూ. మీ అమ్మగారు వచ్చి చెప్పారు, నీది వీకు ఛాతీ అంట కదా. ముందే తెలిస్తే కొట్టేవాణ్ని కాదు."

వెనకున్న ఇద్దరూ కిసుక్కుమన్నారు. అభిలాష్ కత్తి పక్కన పెట్టి నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

"నువ్వు పోయినవా వీని దగ్గరికి? కాళ్లు మొక్కినవా?"

నేను వంగి పొయ్యి మంట తగ్గించాను.

"ఎక్కడ్రా వీకు?" ఉపేంద్ర చూపుడు వేలుతో వాడి ఛాతీ మీద పొడుస్తున్నాడు, ఆటకు. "ఇక్కడా? ఇక్కడా?"

అభిలాష్ సాంబారు గరిటె ఎత్తి వాడి మొహం మీద కొట్టాడు. కాగే సాంబారు. ఉపేంద్ర కేక పెట్టి, కళ్లు మూసుకునే చెయ్యి చాచి అభిలాష్ జుట్టు దొరకబుచ్చుకున్నాడు. తల తీసుకుపోయి బండి ఇనుప అంచుకు కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి. నా కొడుకు కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారింది. ఇడ్లీ రేకులు రోడ్డు మీద దొర్లాయి. వాణ్ని కింద పడేసి బూటు కాలితో డొక్కలో తన్నాడు. ఎముక పెటిల్లున విరిగిన చప్పుడు నాకు వినపడింది.

"ఛాతీ మీద తన్నకు! వాని ఛాతీ మీద తన్నకు!" అని గొంతు చించుకున్నాను. ఎవరో నవ్వారు కూడా.

అభిలాష్ బండి చక్రం పట్టుకుని లేచాడు. లేస్తూ చెయ్యి పైకి చాచాడు. ఉల్లిగడ్డల పక్కనే కత్తి. నా కత్తి. పొద్దునే బండకు నూరి పెట్టాను. ఉపేంద్ర మళ్లీ కాలు ఎత్తాడు. కత్తి వాడి కుడి చంకకు బెత్తెడు కింద, పక్కటెముకల నడుమ పిడి దాకా దిగింది. అభిలాష్ దాన్ని గుంజి మళ్లీ విసిరాడు. ఈసారి ఉపేంద్ర అడ్డం పెట్టిన ముంజేయి మోచేతి దాకా తెరుచుకుంది.

ఉపేంద్ర కింద కూర్చున్నాడు. పడలేదు, కూర్చున్నాడు. "అమ్మా" అన్నాడు.

ట్రావెల్స్ పిల్లలిద్దరూ అటొకడు ఇటొకడు పరుగు. అభిలాష్ చేతిలో కత్తి పట్టుకుని చూస్తున్నాడు, ఎవరో పట్టుకొమ్మని ఇచ్చినట్టు. నా నోట్లో నుంచి మాట వచ్చింది. "పో. పో బిడ్డా, పో!" బిడ్డ బయటికి పోతుంటే 'పోయిరా' అనాలి, 'పో' అనకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు. వాడు కత్తి పడేసి, డొక్క పట్టుకుని, బైకు ఎక్కి పోయాడు.

ఇన్నాళ్లూ ఎవడో వచ్చి నా కొడుకును పొడుస్తాడని వణికాను. నా కొడుకు ఇంకొకణ్ని పొడుస్తాడని ఒక్క రాత్రి కూడా అనుకోలేదు.

అప్పుడు వినపడింది ఆ చప్పుడు. ఉపేంద్ర ఊపిరి తీసుకున్నప్పుడల్లా వాడి పక్కలోని పొక్క 'సుయ్'మని గాలి పీలుస్తోంది. వదిలినప్పుడు ఎర్రటి నురగ బుడగలు వస్తున్నాయి. ముక్కుతో, నోటితో కాదు, పక్కతో ఊపిరి తీస్తున్నాడు. వీడు పోతే నా కొడుకు హంతకుడు. ఆ క్షణంలో నాకు ఉన్నది అదొక్క ఆలోచనే. వాడి మీద జాలి కూడా తర్వాతే వచ్చింది. అబద్ధం చెప్పను.

బండి మీద చట్నీ కవర్ల కట్ట ఉంది. ఒకటి గుంజి పొక్క మీద పెట్టాను. నా చున్నీ తీసి వాడి ఛాతీ చుట్టూ తిప్పాను. ఒక చుట్టు, రెండు, మూడు. మోకాలు వాడి వీపుకు ఆనించి, నేను కవరు కట్టినట్టే, చుక్క కారకుండా బిగించి ముడి వేశాను. చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను.

మా వైపు మనిషే మట్టయ్య, పొద్దున నా దగ్గర టిఫిను తిని ఆటో తీస్తాడు. ఉరికొచ్చాడు. ఇద్దరం ఉపేంద్రను ఆటోలో పడేశాం. తెగిన ముంజేతికి మట్టయ్య తన తువ్వాలు చుట్టాడు. వాడి తల నా ఒళ్లో.

"దిల్‌సుఖ్‌నగర్ దిక్కు పోనీ అన్నా. సంధ్య ఆడికే పోతున్నది."

"పోలీసులు అడిగితే నువ్వేం జెప్పకు అక్కా" అన్నాడు మట్టయ్య, అద్దంలో నన్ను చూస్తూ. "పొడిచింది కొత్తమనిషి అనాలె. మొఖం చూడలే అనాలె."

మెట్రో కింద రోడ్డు ఖాళీగా ఉంది. కొత్తపేట దాటేసరికి ఉపేంద్ర వాలకం మారింది. సాంబారుకు కాలిన మొహం ఎర్రగా ఉండాల్సింది, బూడిద రంగుకు తిరిగింది. పెదాలు నేరేడు పండులా నల్లబడ్డాయి. మెడ మీద నరాలు వేలంత లావు ఉబ్బాయి. ఛాతీలో కుడి పక్క లేచి అట్లే నిలబడిపోయింది, దిగడం లేదు. ఎడమ పక్క ఒక్కటే చిన్నగా ఎగురుతోంది. వాడు నా మెడలో గొలుసు పట్టుకుని గుంజుతున్నాడు, నీళ్లలో మునిగేవాడిలా. గొలుసు తెగింది. నేను ఇంకా గట్టిగా అదిమాను, రక్తం లోపల కారుతోందేమోనని.

సంధ్యకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. అది బస్సులో ఉంది. "బిడ్డా, ఒకనికి ఛాతీల కత్తి దిగింది. కుడి పక్క. కవరు పెట్టిన. అయినా ఊపిరి ఆడతలేదు."

"ఎవరికమ్మా? అన్నకా?"

"అన్నకు గాదు! చెప్పు, ఏం జెయ్యాలె?"

"కవరు ఎట్ల పెట్టినవ్?"

"గట్టిగ కట్టిన. గాలి జొరకుండ, నాలుగు పక్కల."

నా బిడ్డ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "నాలుగో పక్క ఇప్పు! గా రోజు చెప్తుంటే చెవులు మూసుకుంటివి! ఊపిరితిత్తికి పొక్క పడి లోపటి నుంచి గాలి వస్తున్నది, బయటికి పోనిస్తలేవు. రెండు పొరల నడుమ నిండి గుండెను గూడ నొక్కుతున్నది. ఇప్పు అమ్మా, సచ్చిపోతడు!"

నా ముడి. నా వేళ్లకే విడిపోలేదు. రక్తానికి తడిసి రాయిలా ఉంది. గోళ్లు లోపలికి పోనిచ్చి గుంజాను, ఒక గోరు మొదలు దాకా లేచిపోయింది. పళ్లతో కొరికాను. నోట్లో వాడి రక్తం ఉప్పగా తగిలింది. ముడి ఊడలేదు. చివరికి చున్నీ కిందికి రెండు వేళ్లు దూర్చి, కవరు కింది అంచు పట్టి పైకి లేపాను.

కుక్కరు విజిల్ ఎత్తినట్టు గాలి బుస్సుమని కొట్టింది. దానితోపాటు రక్తం నా కళ్లలో, నోట్లో, ఆటో పైకప్పు మీద చిమ్మింది. లేచి నిలబడ్డ కుడి పక్క దిగింది. ఉపేంద్ర మొత్తం ఒళ్లు ఎగిరిపడేట్టు ఊపిరి లాగాడు.

"వాడు తీసుకునేటప్పుడు కవరు అతుక్కోవాలె, ఇడిచేటప్పుడు లేవాలె" అంటోంది సంధ్య. "కింది అంచు కింద వేలు పెట్టి ఉంచు, తియ్యకు."

దవాఖాన వచ్చేదాకా వేలు తియ్యలేదు. వాడి ఊపిరి నా వేలికి తగులుతూనే ఉంది, వెచ్చగా. మూడేళ్ల అభిలాష్ ఊపిరి ఎట్లా తగిలేదో అట్లాగే.

క్యాజువాలిటీలో రమ్య అనే చిన్న డాక్టరమ్మ ఉంది. నా చున్నీని కత్తెరతో కోసి, వాడి పక్క మీద వేళ్లతో ఎముకలు లెక్కపెట్టింది. ఒకచోట కోసి, వేలు దూర్చి, వేలు లావు గొట్టం లోపలికి తోసింది. ఉపేంద్ర మంచం కదిలేట్టు అరిచాడు. గొట్టం రెండో కొన కింద నీళ్ల సీసాలో పెట్టారు. ముందు గాలి బుడబుడమని వచ్చింది. వెనక రక్తం వచ్చి సీసా సగం నిండింది.

"ఎవరు కవరు పెట్టింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనేనమ్మా."

"ఒక పక్క వదిలారు కాబట్టి ఇక్కడిదాకా వచ్చాడు. కత్తి కూడా ఎముక పై అంచును రాసుకుంటూ పోయింది. కింది అంచు మీద పోయుంటే రక్తనాళం తెగి అక్కడే పోయేవాడు. ఇప్పుడే ఏం చెప్పలేం, రెండు రోజులు చూడాలి."

సంధ్య వచ్చింది. నా మొహం చూసి ముందు నన్నే తడిమింది, నాకే తగిలిందేమోనని. తర్వాత పక్కకు లాక్కుపోయి చిన్నగా అడిగింది. "అన్న ఫోన్ బంద్ వస్తున్నది. అమ్మా, ఏ కత్తి అది?"

చెప్పాను. అది గోడకు ఆనుకుంది. "నువ్వేం అనకు. ఉపేంద్ర లేస్తే వాడే చెప్తడు. మన నోటితోని ఎందుకు?" అంది. పోలీసాయన వచ్చి అడిగితే, "బండి ఆమెను సార్, నా కండ్లు తిరుగుతున్నయ్" అన్నాను. పొద్దెక్కినాక వస్తానని పోయాడు.

తొమ్మిదింటికి ఉపేంద్ర వాళ్లమ్మ వచ్చింది. సీతామహాలక్ష్మి అని పేరట. నా వయసే. చెప్పులు రెండూ రెండు జతలవి వేసుకుని ఉరికొచ్చింది. కొడుకు మంచం పక్కన కూర్చుని, గొట్టం తగలకుండా, అరచెయ్యి వాడి ఛాతీ మీద పెట్టింది. తియ్యలేదు. ఎవరు చెప్పారో గాని కాసేపటికి నన్ను చూసి లేచి, బయట బెంచీ దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఊడిన గోరు, ఎండిన రక్తం, ఏదీ చూడలేదు.

"నువ్వేనా తల్లీ? డాక్టరమ్మ చెప్పింది, నువ్వు లేకపోతే దక్కేవాడు కాదంట. ఈ చేతులకి ఏమిచ్చుకోను?" అని కళ్లకు అద్దుకుంది.

"ఊకో అమ్మా" అన్నాను.

"రోజూ చెప్తానమ్మా వాడికి. గొడవలకి వెళ్లకురా, నోటి దురుసు తగ్గించుకోరా, ఎవడైనా కత్తి తీసి పొడిచేస్తాడ్రా అని. నవ్వేవాడు. నీకన్నీ భయాలే అమ్మా అనేవాడు. చూడు, ఇవాళ..."

నా మాటలే. పొద్దున పొయ్యి ముట్టిస్తూ నేను అన్న మాటలే, వాళ్ల యాసలో.

"నువ్వక్కడే ఉన్నావుగా" అంది. నా చేతులు వదల్లేదు. "చెప్పమ్మా. ఎవరు పొడిచారు నా కొడుకుని?"

సంధ్య వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుంది. మట్టయ్య మెట్ల దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు. తలుపు సందులో నుంచి మంచం కింద సీసా కనపడుతోంది. గొట్టంలో నీళ్లు కొంచెం పైకి లేచి దిగుతున్నాయి. లేచి దిగుతున్నాయి. డొక్క విరిగిన నా కొడుకు ఎక్కడ పడి ఉన్నాడో, వాడికి ఊపిరి ఆడుతోందో లేదో. నోరు మూసుకునే ఉన్నాను. నా ఛాతీ కింద ఏదో నిండుతూ పైకి తన్నుతోంది. ఆమె అడిగిన మాట ఆమె కళ్లలోనే ఉంది. స్ట్రెచర్ ఒకటి మా ముందు నుంచి పోయింది. ఎవరో లిఫ్టు బటన్ నొక్కారు. లిఫ్టు వచ్చింది, మళ్లీ పోయింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"నా కొడుకమ్మా" అన్నాను. "కత్తి నాది. పారిపొమ్మన్నది గూడ నేనే."